ఇయ్యాల క్లాసులో ఏం చెప్పారే?

నాకు నిశ్శబ్దం పడదు. బడిలో అయితే మరీ పడదు. లెక్కల టీచరుగా నా ఉద్యోగమంతా పల్నాడులోనే గడిచింది. ఏ ఊళ్ళో పనిచేసినా పక్క క్లాసు టీచర్లు ఎప్పుడో ఒకప్పుడు నా గుమ్మం దగ్గరికొచ్చి, "మేడం, మీ వాళ్ళని కాస్త గొంతు తగ్గించమనండి" అని బతిమాలుకున్నవాళ్ళే. నేను సరేనంటాను, తగ్గించను. ఒకడు చెబుతుంటే నలుగురు అందుకోవాలి. ఒకడు తప్పితే క్లాసంతా నవ్వాలి. ఆ నవ్వినవాళ్ళలో ఒకణ్ణి లేపి అడిగితే వాడూ తప్పాలి. లెక్కలు అట్లాగే వస్తాయని నా నమ్మకం. నాకు అట్లాగే వచ్చాయి.

ఇప్పుడు నేను పనిచేస్తున్న ఊరు గురజాల నుంచి షేర్ ఆటోలో వెళ్ళి రాగలిగేంత దూరం. ఊరి చుట్టూ పత్తి, మిరప. మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. లెక్కల్లో మధ్యరకం, దాచకుండా చెప్పాలంటే మధ్యకు కాస్త కిందే. కానీ ఏం గొంతు తల్లీ అది! తొమ్మిదో తరగతిలో ఎక్కాలేంటని పై అధికారులు నన్ను అడిగేవాళ్ళు. భిన్నాల దగ్గర ఆగిపోయే పిల్లలు చాలామంది అసలు ఆగేది ఎక్కాల దగ్గర. అందుకని పాఠానికి ముందు కాసేపు ఎక్కాలు చెప్పించేదాన్ని. ముందు చెప్పేది ఎప్పుడూ ఈ అమ్మాయే. చేతులు వెనక్కి కట్టుకుని, బోర్డు వైపు కాకుండా కిటికీ వైపు తిరిగి, ఊరందరికీ చెబుతున్నట్టు చెప్పేది. మధ్యలో ఎక్కడన్నా తప్పితే తనే ముందు పకపకా నవ్వేసి మళ్ళీ మొదలుపెట్టేది. వెనకాల క్లాసంతా అందుకునేది. ఆ కాసేపు నాకు పండగే.

దసరా సెలవుల తర్వాత ట్యాబులొచ్చాయి.

పిల్లకొకటి. ఇంటికివ్వరు, బడి బీరువాలోనే ఉంటాయి. వాటిని మాకు అప్పగించడానికి వచ్చిన టెక్నికల్ సారు చిన్న కుర్రాడు, మర్యాదస్తుడు. ఏఐ అంటే ఏమిటో ఓపిగ్గా చెప్పాడు. ఏ పిల్లకు ఏది వచ్చో ఏది రాదో ట్యాబే కనిపెట్టి, ఎవరికి తగిన పాఠం వాళ్ళకు చెబుతుందట. వచ్చినవాళ్ళు ముందుకు వెళ్ళిపోతారు, రానివాళ్ళు వెనక్కి వెళ్ళి పునాది నుంచి నేర్చుకుంటారు. పోతూ పోతూ పిల్లలతో ఒక మాట అన్నాడు. "రోజూ వాడాలమ్మా. ఊరికే పడుందనుకోండి, ఆ ట్యాబ్ వెనక్కి తీసుకెళ్ళి ఇంకో బడికి ఇచ్చేస్తాం." నేను ఆ మాట పట్టించుకోలేదు. పిల్లలు పట్టించుకున్నారు.

ట్యాబుల మీద నాకు కోపమేం లేదు. కోపం ఉండాలని మొదట్లో గట్టిగానే ప్రయత్నించాను, కుదరలేదు. నోరు విప్పని పిల్లలు మా క్లాసులో కొందరున్నారు. నేను పేరు పిలిస్తేనే వాళ్ళకు చెమటలు పడతాయి. వాళ్ళు ఆ ట్యాబును ఒకే సందేహం మళ్ళీ మళ్ళీ అడిగేవాళ్ళు. అది విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పేది. నేను రెండోసారికే "నిన్ననే కదరా చెప్పింది" అంటాను. నా ఓపిక అంతే. పైగా అది పిల్లల్ని "మీరు" అనేది. "మీరు చక్కగా ప్రయత్నించారు. మరొకసారి ఆలోచించండి" అని తేటగా, మెల్లగా చెప్పేది. మొదటిరోజు వెనక బెంచీలో ఒకడు ఇయర్‌ఫోన్లు పీకేసి, "ఒరేయ్, మనల్ని మీరంటందిరా!" అని అరిచాడు. క్లాసంతా ఒకటే నవ్వు. ట్యాబులొచ్చాక అందరూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

తర్వాత నిశ్శబ్దం వచ్చేసింది. ఎవరి చెవుల్లో వాళ్ళకు ఇయర్‌ఫోన్లు, ఎవరి పాఠం వాళ్ళది. ఎక్కాలు కూడా ట్యాబే ఆటలాగా ఆడించేది కాబట్టి నేను చెప్పించడం ఆగింది. నేను బెంచీల మధ్య అటూ ఇటూ తిరిగేదాన్ని. భోజనాలైపోయిన పెళ్ళిపందిట్లో తిరుగుతున్నట్టు ఉండేది. గొంతున్న ఆ అమ్మాయి కూడా తలొంచుకుని వేలితో తెర మీద రాసుకుంటూ కూర్చునేది. ఒకరోజు తన దగ్గర ఆగి, "ఎట్టా ఉందే?" అని అడిగాను. "బానే ఉంది మేడం. తప్పు చేసినా ఎవరికీ తెలవదు" అంది. తప్పు చేస్తే తనే ముందు నవ్వే పిల్ల ఆ మాట అనేసరికి నాకు ఎందుకో బాగనిపించలేదు.

సంక్రాంతి దాటగానే మిరప కోతలు మొదలయ్యాయి. ఆ అమ్మాయి తల్లి కూలి ముఠాతో కోతకు పోతుంది. తండ్రి లేడు. ఏటా ఈ సీజన్లో కూతుర్ని కూడా తీసుకుపోతుంది. "ఈ కోతలయ్యేదాకానే మేడంగారూ, నడుం నొప్పులతో ఒక్కదాన్నే మిరప సాళ్ళు దాటలేకపోతన్నా" అని ప్రతిసారీ బడి గేటు దగ్గరికి వచ్చి మరీ చెప్పి పోతుంది. నేను ప్రతిసారీ అరుస్తాను. ఆమె ప్రతిసారీ తలొంచుకుని వింటుంది. మరునాటి నుంచి పిల్ల రాదు. ఇది తప్పే. ఊళ్ళో ఇట్లాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నేను అరిచినంత మాత్రాన కాయ చెట్టు మీద ఆగదు.

అయితే మా ఊరి పిల్లలకు ఒక అలవాటుంది. నేనేమీ నేర్పలేదు, నేను వచ్చేసరికే ఉంది. కోతకు పోయిన పిల్ల పక్కన బెంచీలో ఎవరు కూర్చుంటారో, ఆ పాఠం వాళ్ళ బాధ్యత. బడి వదలగానే ఇంటికి పోయి సంచి పడేసి కల్లం దగ్గరికి పోతారు. అక్కడ కోసిన కాయ టార్పాలిన్ పట్టాల మీద ఎర్రగా పరిచి ఉంటుంది. ఆడవాళ్ళు, పిల్లలు కూర్చుని రంగు పోయి తెల్లబారిన తాలుకాయలు ఏరుతుంటారు. పాఠం తెచ్చిన పిల్లా వెళ్ళి పక్కన కూర్చుని, తనూ తాలు ఏరుతూ ఆ రోజు పాఠం చెబుతుంది. కోతకు పోయిన పిల్ల మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "ఇయ్యాల క్లాసులో ఏం చెప్పారే?" నేను సాయంత్రం ఆటో కోసం రోడ్డు మీద నిలబడితే ఆ మాట నాకు వినపడేది. మధ్య మధ్యలో ఘాటుకు తుమ్ములు. బోర్డు మీద నేను చెప్పిన త్రిభుజం కల్లంలో పుల్లతో గీసి, నా గొంతును, నా చేతి తిప్పులను అనుకరించి మరీ చెప్పేవాళ్ళు. చెప్పే పిల్లకే ఎక్కువ వచ్చేసేదని నా అనుమానం.

ఈసారి కోతలు మొదలైన వారంలోనే ఆ అమ్మాయి పక్కన కూర్చునే పిల్ల నా దగ్గరికి వచ్చింది. పొట్టిగా, గంభీరంగా ఉంటుంది. పెద్దరికం ఎక్కువ. మేమంతా సరదాగా అమ్మమ్మ అని పిలిచేవాళ్ళం.

"మేడం, ఇయ్యాల పాఠం ఏంది?" అంది.

"నీ ట్యాబులో ఏం వచ్చింది?"

"నాకు బహుపదులు. ముందు బెంచీవాడికి త్రిభుజాలు. ఆ చివరోడికి ఆరో క్లాసు భిన్నాలు. నిన్న కల్లం కాడికి పోతే అది ఏం చెప్పారే అని అడిగింది. ఏం చెప్పాలి మేడం? ఎవరిది చెప్పాలి?"

 ఆ రోజు క్లాసులో ఏం చెప్పారో క్లాసు టీచర్ని నాకే తెలియదు. ఎవరి పాఠం వాళ్ళకు సరిగ్గా అందింది, కానీ పట్టుకుపోయి ఇంకొకరికి ఇవ్వడానికి ఆ రోజు పాఠం అనేది లేకుండా పోయింది. "బహుపదులు చెప్పు పో" అని ఏదో అనేశాను. అమ్మమ్మ నన్ను ఒక చూపు చూసి పోయింది. ఆ చూపు నాకు రోజంతా గుచ్చుకుంది.

కొన్నాళ్ళకు కల్లంలో ఆ మాట వినపడటం మానేసింది.

కోతలు చివరికి వస్తుండగా ఒకరోజు హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి తన కంప్యూటర్ తెర చూపించారు. ఆయన మంచివారు, ఏదైనా మంచి జరిగితే పదిమందికీ చూపించకుండా ఉండలేరు. "చూశారా మేడం, మీ తొమ్మిదిలో అందరికంటే క్రమం తప్పకుండా వాడుతున్నది ఎవరో? ఎంత పైకి వచ్చిందో చూడండి" అన్నారు. చూశాను. నా గొంతుపిల్ల. తెర మీద తన గీత నిచ్చెనెక్కినట్టు పైకి పోతోంది. ఆయన సంబరం చూసి తలూపి వచ్చేశాను. ఆ పొద్దున్నే ఆటోలోంచి ఆ పిల్లను చూశాను. తలకు గుడ్డ చుట్టుకుని, మిరప చేలో తల్లి వెనకాల సాలులో నడుస్తోంది.

ఆ మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక క్లాసు వైపు పోయాను. తలుపు సగం మూసి ఉంది. లోపల గోల. ఎన్నాళ్ళకు విన్నాను మా క్లాసులో గోల! గుమ్మం పక్కనే ఆగిపోయాను. వెనక బెంచీ మీద ఒకే ఒక్క ట్యాబ్ పెట్టుకుని, ఇయర్‌ఫోన్లు పీకేసి, చుట్టూ మూగి పోట్లాడుకుంటున్నారు.

"దానికి మైనస్ పక్కన మైనస్ వస్తే రెండోది కనపడదురా. తప్పు పెట్టు" అంటోంది అమ్మమ్మ.

"తెలిసి తెలిసి తప్పెట్టా పెట్టేది?" మా క్లాసు ఫస్టువాడు. తప్పు జవాబు పెట్టాలంటే వాడికి ప్రాణం పోతుంది.

"నీకు తెలుసు. దానికి తెలవదు. ఇది దాని ట్యాబు గదా. అన్నీ రైటు పెడితే చేసేది అది కాదని ట్యాబు కనిపెట్టిద్ది."

"ఏడో ఎక్కం మాత్రం దానికి నోటికొచ్చు. అది రైటు పెట్టండి."

"ఏడో ఎక్కం వచ్చు గానీ, భాగారంలో పెడితే తడబడిద్ది. ముందు తప్పు పెట్టి, మళ్ళీ చూసుకుని దిద్దుకుంటది. అట్టాగే చెయ్యి."

"ఒరేయ్, నవ్వుద్ది కూడా. ట్యాబుకి నవ్వెట్టా తెలుస్తది?"

నాకు లోపలికి పోవాలనిపించలేదు. కోతకు పోయిన ఆ పిల్ల ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ దాటుతుందో, ఎక్కడ ముందు తప్పు చేసి తర్వాత దిద్దుకుంటుందో, వాళ్ళకు అంత వివరంగా తెలుసు. ఇన్నేళ్ళుగా ఒకే గదిలో ఒకరి తప్పులు ఒకరు చెవులారా విని నేర్చుకున్నది అది.  అడుగు లోపల పెట్టేసరికి అందరూ బిగుసుకుపోయారు. ఫస్టువాడు ట్యాబును షర్టు కింద దాచబోయాడు.

"ఏం చేస్తున్నారు?"

ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి అమ్మమ్మే ముందుకొచ్చింది. "ఊరికే పడుంటే ట్యాబు తీసుకుపోతారన్నారు గదా మేడం. అది వచ్చేసరికి ట్యాబు లేకపోతే ఇంక బడికి రాదు. అందుకని రోజుకొకరం వాడతన్నాం. అది ఉన్నట్టు."

తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను. హెడ్మాస్టరుగారికి ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే, ఇంకో రెండు రోజులకు కోతలు ముగిసి ఆ అమ్మాయి బడికి వచ్చేసింది.

నల్లబడిపోయింది. చేతులు కాయ కారానికి మండీ మండీ తోలు ఊడుతున్నాయి. అయినా నవ్వుతూ వచ్చి కూర్చుంది. పిల్లలు తన ట్యాబును పండగ బట్టలు తీసిచ్చినట్టు బీరువాలోంచి తెచ్చి చేతిలో పెట్టారు. ఆ పిల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. నేను దూరం నుంచి చూస్తున్నాను. కాసేపటికే ముఖం మారింది. వేలు తెర మీద ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ ఆగింది. నేను దగ్గరికి పోయేలోపే గంట కొట్టారు. ట్యాబు బెంచీ మీద పెట్టేసి, భోజనానికి కూడా ఆగకుండా ఇంటికి పోయింది. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

ఏం జరిగిందో ఊహించడం కష్టమేం కాదు. తప్పు పెట్టమని అమ్మమ్మ ఎంత మొత్తుకున్నా, ఫస్టువాడిలాంటి వాళ్ళు ఆపుకోలేక రైటు పెడుతూ పోయారు. ట్యాబు దాన్నే నమ్మింది. క్లాసులో సగం మంది తెలివిని కలిపి ఒక్క పిల్ల ఖాతాలో వేసి, ఆ ఎత్తుకు తగిన పాఠం తీసుకొచ్చి ఆ పిల్ల ముందు పెట్టింది.

ఆ సాయంత్రం నేనూ అమ్మమ్మా ఆ పిల్ల ఇంటికి పోయాం. తల్లి వాకిట్లో మంచం వాల్చింది. "దానికి చదువు ఎక్కటం లేదంట మేడంగారూ. ఆ ట్యాబే చెప్పిందంట. చిలకలూరిపేటలో మా అక్క కూతురు మిల్లులో చేస్తంది. దాంతోపాటు పంపిద్దామనుకుంటన్నా" అంది. పదో తరగతి గుమ్మంలో ఉన్న పిల్ల. నాకు కోపం నెత్తికెక్కింది. "చేతికందిన పిల్లని మిల్లులో పడేస్తావా" అని అరిచాను. "నేను పడేస్తానంటన్నానా? అదే పోతానంటంది" అని ఆమె నా మీదికి తిరిగి అరిచింది. ఆమె కళ్ళు తుడుచుకుంది. 

ఆ పిల్ల లోపల తడిక చాటున నిలబడి ఉంది. పిలిస్తే వచ్చింది. ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడగా నేను వినలేదు.

"అది మీ స్థాయికి తగిన ప్రశ్న అంది మేడం. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. తప్పు పెట్టా. పర్లేదు, మీకు ఇది తెలిసినదే, గుర్తు తెచ్చుకోండి అంది. మళ్ళీ తప్పు పెట్టా. మళ్ళీ అట్టాగే మర్యాదగా చెప్పింది. తిట్టినా బాగుండేది. నాకు తెలిసింది కూడా నేను మర్చిపోయానంట. ఇంక నాకు చదువేం వస్తది?"

పక్కన అమ్మమ్మ ముఖం పాలిపోయింది. "నువ్వు మర్చిపోలేదే" అంది. "అయ్యన్నీ నువ్వు చేసినయ్ కాదు. మేం చేశాం. అందరం."

ముందు ఆ పిల్లకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒంటికాలి మీద లేచింది. "నా పేరు మీద మీరెందుకు చేశారే? మీకెవరు చెప్పారు? రెండు రోజుల్నించి ఇంట్లో కూర్చుని ఏడుస్తన్నా నేను, బుర్ర పాడైందని!" ఆ గొంతు మళ్ళీ వీధి చివరి దాకా వినపడింది. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చి చూశారు. నిజం చెబుతున్నాను, ఆ అరుపు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మమ్మ కిమ్మనకుండా నిలబడి అన్ని తిట్లూ తిన్నది. తిట్లయిపోయాక, "ట్యాబు తీసుకుపోతే నువ్వు రావేమోనని" అంది. అంతే అంది. 

హెడ్మాస్టరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. పాపం ఆయన ఆ గీత గురించి అప్పటికే నలుగురికి ఫోన్లు చేసి ఉన్నారు. అయినా కోప్పడలేదు, టెక్నికల్ సారును పిలిపించారు. ఆ కుర్రాడు విని తల పట్టుకున్నాడు. "ఎవరి ట్యాబూ తీసుకుపోం మేడం. వాడతారని ఊరికే భయపెట్టాను" అన్నాడు. తర్వాత, "ఏం పర్లేదు, ఈ అమ్మాయి ఖాతా మొత్తం తుడిచేసి సున్నా నుంచి పెడతాను. కొత్తగా చేరిన పిల్లలాగా మొదలవుతుంది. తనకేం వచ్చో అదే మళ్ళీ కనిపెట్టుకుంటుంది" అన్నాడు. న్యాయమైన మాటే. ఆ పిల్లను ఒప్పించి బడికి తీసుకొచ్చాం, అతను ట్యాబు చేతిలోకి తీసుకున్నాడు.

"తుడవొద్దు సార్" అంది ఆ పిల్ల.

"నీకే కష్టమమ్మా. అందులో ఉన్నది నువ్వు చేసింది కాదు కదా."

"కాదు సార్. కానీ మా అమ్మ, నేను కోత నుంచి చీకటి పడ్డాక వస్తే మా పక్కింటి పిన్ని మాకు కూర తీసిపెట్టేది. పొద్దుపోయి వచ్చామని పారబోసిద్దా? వీళ్ళు నాకు తీసిపెట్టారు. ఎవురు తీసిపెట్టింది వాళ్ళే వడ్డించాలి."

అతను నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను, అట్లా చూడాల్సిన అవసరం పడింది.

ఆ పిల్ల చెప్పినట్టే చేశాం. చివరి పీరియడులో ఇయర్‌ఫోన్లు మేకుకు తగిలించేవాళ్ళం. తన ట్యాబు మధ్య బెంచీ మీద. తన పేరు మీద ఏ పాఠం ఎవరు చేశారో వాళ్ళు ముందుకొచ్చి, అది ఎట్లా చేశారో తనకు అర్థమయ్యేదాకా నోటితో చెప్పాలి. అసలు నాటకం అప్పుడు మొదలైంది. ఫస్టువాడు గడగడా చెప్పుకుపోయాడు. ఆ పిల్ల, "ఆగు. ఆ మైనస్ ఏడికి పోయింది?" అంది. వాడు మళ్ళీ చెప్పాడు. "ఏడికి పోయిందిరా అంటే?" వాడికి జవాబు తెలుసు, ఎందుకో తెలియదు. చెవులు ఎర్రబడ్డాయి. ఇంకొకడు వచ్చి, మొత్తం లాటరీ పద్ధతిలో నొక్కానని ఒప్పుకున్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. వాడూ నవ్వాడు. వాడికీ, ఆ పిల్లకూ కలిపి ఆ పాఠం అమ్మమ్మ చెప్పింది. పక్క క్లాసు టీచరు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మేడం, కొంచెం..." అన్నాడు. నేను సరేనన్నాను.

ట్యాబులు ఇప్పటికీ ఉన్నాయి. ఉండాలి కూడా. చెమటలు పట్టే పిల్లలకు అవి మేలు చేస్తున్నాయి, నాకు లేని ఓపిక వాటికుంది. కాకపోతే రోజూ మొదట్లో ఒక్క పాఠం మాత్రం అందరికీ కలిపి, బోర్డు మీద, గొంతెత్తి చెబుతున్నాను. చిన్నదే. ముందు పోయినవాళ్ళకు అది తెలిసినదే అవుతుంది, వెనకున్నవాళ్ళకు కొంత అందదు. అయినా అది ఆ రోజు పాఠం. ఇంకొకరికి పట్టుకుపోవడానికి వీలైనది. ఆ పిల్ల కొన్ని నెలలు కష్టపడింది. తన గీతను తను అందుకుందో లేదో నేను చూడలేదు, హెడ్మాస్టరుగారిని కూడా చూడొద్దన్నాను. తల్లి చిలకలూరిపేట మాట మళ్ళీ ఎత్తలేదు. పదో తరగతి కదా అని ఈ ఏడు కోతకు కూడా పిలవలేదు, నడుముకు గుడ్డ బిగించుకుని ఒక్కతే పోయింది.

ఈ ఏడు అమ్మమ్మ వాళ్ళకు కష్టమొచ్చింది. కౌలుకు తీసుకుని మిరప వేశారు. కోత మొదలయ్యేసరికి ఇంట్లో వాళ్ళ నాయనమ్మ మంచాన పడింది. కాయ ఎండుతుంటే కల్లం దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. బడి మానకూడని పిల్ల, బెంచీలో తన చోటు ఖాళీ అయింది. నేను గేటు దగ్గర వాళ్ళ నాన్న మీద అరిచాను. ఆయన తలొంచుకుని విన్నాడు.

సాయంత్రం ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాను. కల్లంలో కాయ ఎర్రగా పరిచి ఉంది. అమ్మమ్మ పట్టా మీద ఒక్కతే కూర్చుని తాలు ఏరుతోంది. గొంతున్న పిల్ల సంచి కూడా ఇంట్లో పడేయకుండా బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. అమ్మమ్మ తలెత్తింది.

"ఇయ్యాల క్లాసులో ఏం చెప్పారే?"

"ఆగవే, చెప్తా" అని ఆ పిల్ల కాయలు పక్కకు జరిపి కూర్చుంది, పుల్ల తీసుకుని నేల మీద గీత గీసింది. ఆటో వచ్చి ఆగింది. నేను ఎక్కలేదు. ఇంకో ఆటో వస్తుందిలే అని పొమ్మన్నాను.